పాత సిస్టమ్‌లో ఆడిన పెన్‌డ్రైవ్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఎందుకు ఆడలేదు: ఒక కేస్ స్టడీ

మెషీన్: 11వ తరం ఇంటెల్ కోర్ ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 హోమ్. యజమాని నర్సంపేటలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. ఫిర్యాదు ఆయన మాటల్లోనే: "అన్నా, పెన్‌డ్రైవ్ పెడితే లేస్తలేదు. గదే పెన్‌డ్రైవ్‌తోని మా పాత సిస్టమ్‌ల విండోస్ మంచిగ ఎక్కింది."

ఈ రెండో వాక్యమే కేసుని పక్కదారి పట్టించింది. పాత సిస్టమ్‌లో ఆడింది కాబట్టి పెన్‌డ్రైవ్ బాగుంది, పెన్‌డ్రైవ్ బాగుంది కాబట్టి తప్పు ల్యాప్‌టాప్‌దే అని అందరూ తేల్చేసుకున్నారు. హనుమకొండలో నా షాపుకి వచ్చేసరికి ఆ ల్యాప్‌టాప్ బయోస్‌లో (విండోస్ కంటే ముందే లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) మార్చగలిగినవన్నీ మార్చేసి ఉన్నాయి.

అసలు జరిగింది ఇది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజులు, ఊళ్లో ఇంకా ఎంసెట్ అనే అంటారు. సెంటర్ ముందు పిల్లలు, తల్లిదండ్రులు సర్టిఫికెట్ల స్కానింగ్ కోసం నిలబడి ఉన్నారు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, చార్జర్ మీదే నడుస్తోంది. విండోస్ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఆటోమేటిక్ రిపేర్ దగ్గర గుండ్రంగా తిరగడం, రీస్టార్ట్ కావడం, మళ్లీ అదే. ఆయన బామ్మర్దికి కంప్యూటర్లంటే కొంత చేయి తిరిగింది. విండోస్ మళ్లీ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెట్టాడు. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించలేదు. ఏదో వీడియోలో చూసి సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే లేవనిచ్చే రక్షణ) ఆపాడు. లెగసీ మోడ్ (పాత బయోస్ పద్ధతిలో బూట్ కావడం) కోసం వెతికాడు, ఈ ల్యాప్‌టాప్‌లో అది లేనే లేదు. ఇంతలో తెర మీద నీలం రంగులో కొత్త పేజీ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. అక్కడ భయపడి ఆపేశారు. "ఎవడో హ్యాక్ చేసిండు అన్నా, పైసలు అడుగుతడేమో" అన్నాడు యజమాని నాతో.

ఎవరూ హ్యాక్ చేయలేదు. విండోస్ 11 హోమ్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే బిట్‌లాకర్‌తో డిస్కుకి తాళం వేయడం, దానంతటదే మొదలవుతుంది. డిస్కు తాళం చెవి టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. బూట్ వాతావరణం తనకు తెలిసినట్టే ఉంటేనే టీపీఎం ఆ తాళం చెవి ఇస్తుంది. సెక్యూర్ బూట్ ఆపగానే ఆ వాతావరణం మారింది, తాళం చెవి ఇవ్వలేదు, అందుకే విండోస్ మనిషిని అడిగింది. నేను చేసిన మొదటి పని సెక్యూర్ బూట్‌ని మళ్లీ ఆన్ చేయడం. నీలం పేజీ పోయి, పాత ఆటోమేటిక్ రిపేర్ చక్రం తిరిగి వచ్చింది. రోగం ఒక్కటే మిగిలిందన్నమాట. స్టార్టప్ రిపేర్, చివరి అప్‌డేట్‌ని వెనక్కి తీయడం రెండూ చేసి చూశాను, పని కాలేదు. ఇక డేటా బయటికి తీసి కొత్తగా ఎక్కించాలి. అంటే పెన్‌డ్రైవ్‌తో బూట్ కావాల్సిందే.

తెర మీద మాట్లాడుతున్నది ఎవరు

పెన్‌డ్రైవ్‌తో బూట్ కావడం లేదని వచ్చిన ప్రతి కేసులో నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. బూట్ అనేది ఒకే పని కాదు. ముందు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ (జనం బయోస్ అనేదే) పెన్‌డ్రైవ్‌ని గుర్తించాలి. అది బూట్‌లోడర్‌ని, అంటే విండోస్‌ని ఎక్కించే చిన్న ప్రోగ్రామ్‌ని, లేపాలి. బూట్‌లోడర్ చిన్న విండోస్‌ని మెమరీలోకి ఎక్కించాలి. ఆ చిన్న విండోస్‌లో నడిచే సెటప్‌కి లోపలి డిస్కు కనిపించాలి. ఎక్కడ తెగితే అక్కడివాడే తెర మీద ఫిర్యాదు రాస్తాడు. బూటబుల్ డివైస్ లేదు అనే నల్లతెర ఫర్మ్‌వేర్ మాట. 0ఎక్స్‌సీ000000ఎఫ్ లాంటి కోడుతో వచ్చే నీలం పేజీ విండోస్ బూట్ మేనేజర్‌ది. డ్రైవ్‌లు కనిపించడం లేదు, డ్రైవర్ ఇవ్వండి అని కిటికీ వస్తే అది సెటప్‌ది, అక్కడి దాకా బూట్ సక్రమంగానే జరిగిందని అర్థం. ఈ ముగ్గురి మాటలనీ కలిపి "బూట్ కావట్లేదు" అనేస్తాం కాబట్టే సెటప్ అడిగే డ్రైవర్ సమస్యకి జనం సెక్యూర్ బూట్ ఆపుతుంటారు.

ఈ కేసులో బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే లేదు. అంటే మొదటి మెట్టు, ఫర్మ్‌వేర్.

మొదటి కారణం: పెన్‌డ్రైవ్ పాత పద్ధతిలో తయారైంది

ఆ పెన్‌డ్రైవ్‌ని నా సిస్టమ్‌లో పెట్టి చూశాను. విభజన పట్టిక పాతరకం ఎంబీఆర్, ఫైల్ సిస్టమ్ (ఫైళ్లని సర్దే పద్ధతి) విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్. బూట్ పెన్‌డ్రైవ్‌లు తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో బయోస్ టార్గెట్ ఎంచుకుని చేసినది. వాళ్ల పాత డెస్క్‌టాప్ మూడో తరం ఇంటెల్, లెగసీలో బూట్ అవుతుంది. లెగసీ బయోస్‌కి ఫైళ్ల గొడవ తెలియదు. డిస్కు మొదటి 512 బైట్లు చదువుతుంది, అందులోని కోడుకి పగ్గాలు అప్పగిస్తుంది, అంతే. ఆ తర్వాత ఎన్‌టీఎఫ్‌ఎస్ చదువుకోవడం ఆ కోడు చూసుకుంటుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే కొత్తరకం ఫర్మ్‌వేర్ యూఈఎఫ్‌ఐ అలా కాదు. అది ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్లి ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ అనే ఫైలు కోసం వెతుకుతుంది. యూఈఎఫ్‌ఐ నియమం ప్రకారం ఫర్మ్‌వేర్‌కి తప్పనిసరిగా తెలియాల్సింది ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఒక్కటే. కొన్ని బోర్డుల్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్ కూడా పెడతారు గానీ దాన్ని నమ్ముకోలేం. ఈ పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు ఉంది, పేరు కూడా సరిగ్గానే ఉంది. కానీ ఉన్నది ఎన్‌టీఎఫ్‌ఎస్ లోపల. ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ లెక్కలో అది ఖాళీ పెన్‌డ్రైవ్. లెగసీ మోడ్ కోసం వెతకడమూ వృథా. 2020 నాటికి లెగసీ మద్దతు తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది, 11వ తరం ల్యాప్‌టాప్‌లలో అది దొరకదు.

ఇంతవరకు మామూలే. జీపీటీ (కొత్తరకం విభజన పట్టిక), యూఈఎఫ్‌ఐ ఎంచుకుని అదే పెన్‌డ్రైవ్‌ని రూఫస్‌తో మళ్లీ తయారుచేశాను. రూఫస్ ఏ ఫిర్యాదూ లేకుండా ముగించింది. ల్యాప్‌టాప్‌లో పెట్టాను. బూట్ మెనూలో మళ్లీ ఏమీ లేదు.

రెండో కారణం: లక్షణం అదే, జబ్బు వేరు

ఈ చోటే చాలామంది మళ్లీ బయోస్ సెట్టింగుల మీద పడతారు. సెట్టింగులు ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌ని తీసి, మళ్లీ నా సిస్టమ్‌లో పెట్టి, విభాగాలు చూపే డిస్క్‌పార్ట్ అనే విండోస్ కమాండ్‌లో చూశాను. తీసి మళ్లీ పెట్టడం ముఖ్యం. రాసిన వెంటనే చూస్తే విండోస్ తన మెమరీలో ఉన్నదే చూపించి సరిపెట్టొచ్చు.

విండోస్ 11 ఐఎస్ఓలో, అంటే ఇన్‌స్టాల్ సరుకంతా ఒకే ఫైలుగా వచ్చే దాంట్లో, ఇన్‌స్టాల్.విమ్ అనే ఫైలు 4 జీబీ దాటుతుంది. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి చేరకూడదు. అందుకని రూఫస్ పెద్ద విభాగాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా చేసి, పెన్‌డ్రైవ్ చిట్టచివర 1 ఎంబీ ఫ్యాట్ విభాగం ఒకటి పెడుతుంది. అందులో ఉండే చిన్న బూట్‌లోడర్ ఫర్మ్‌వేర్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం నేర్పి, అసలు బూట్‌ఎక్స్64 ఫైలుని లేపుతుంది. 2021 నుంచి దానికి మైక్రోసాఫ్ట్ సంతకం కూడా ఉంది కాబట్టి దానికోసం సెక్యూర్ బూట్ ఆపాల్సిన పని లేదు. ఫర్మ్‌వేర్ చూడగలిగేది ఆ 1 ఎంబీనే. డిస్క్‌పార్ట్‌లో ఆ విభాగం ఉన్నట్టు చూపింది గానీ, ఫైల్ సిస్టమ్ దగ్గర 'రా' అని, అంటే గుర్తుపట్టే ఫైల్ సిస్టమ్ ఏదీ లేదని ఉంది. రాసినది అక్కడ లేదు.

పెన్‌డ్రైవ్ చివర రాసినవి నిలవడం లేదంటే అనుమానం ఒక్కటే. ఎక్కడ కొన్నావని అడిగాను. మేడారం జాతరకి పోయినప్పుడు దారిలో పాటలు నింపి అమ్మే స్టాల్‌లో కొన్నాడట. పైన 64 జీబీ అని అచ్చు వేసి ఉంది. విండోస్ కూడా 58 జీబీ అంటోంది. ఫార్మాట్ చేసి హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ పెట్టాను. ఈ చిన్న ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్ మొత్తాన్నీ డేటాతో నింపి, తర్వాత తిరిగి చదివి సరిపోల్చుతుంది. యూఎస్‌బీ 2.0 వేగంలో గంటలు పడుతుంది, పక్కన పెట్టి వేరే పని చూసుకోవాలి. ఫలితం: నిజంగా డేటా నిలిచేది 15 జీబీ లోపే. మిగతాదంతా ఉత్తది. పది బస్తాలు పట్టే కొట్టుకి వంద బస్తాల బోర్డు కట్టినట్టు, కంట్రోలర్ చిప్ తన సైజు 64 అని అబద్ధం చెబుతుంది. 15 దాటాక ఏది రాసినా సరే సరే అంటుంది, దాచదు.

ఇప్పుడు అన్నీ ఒకదానికొకటి అతికాయి. పాటలు నాలుగైదు జీబీలు మించవు, అందుకే ఎప్పుడూ తేడా రాలేదు. పాత డెస్క్‌టాప్‌కి చేసిన పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఫైళ్లన్నీ మొదటి భాగంలోనే సర్దుకున్నాయి, చివరి విభాగం అవసరమే లేదు, అందుకే అక్కడ ఎక్కింది. జీపీటీ పట్టిక అసలు ప్రతి కూడా పెన్‌డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది, అందుకే డిస్క్‌పార్ట్‌కి విభాగం పేరు కనిపించింది. దాంట్లోని సరుకు మాత్రం చివర ఉండాలి, అక్కడ మెమరీ లేదు. పాత సిస్టమ్‌లో ఆడడం అనేది ఈ పెన్‌డ్రైవ్ మొదటి 15 జీబీ బాగుందనడానికే సాక్ష్యం. రూఫస్ లాంటిదే అయిన వెంటాయ్ వాడినా ఇదే గతి పట్టేది, అది కూడా తన 32 ఎంబీ బూట్ విభాగాన్ని చివరే పెడుతుంది.

హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ లేకపోతే రూఫస్‌లోనే బ్యాడ్ బ్లాక్స్ చెక్ అనే ఎంపిక ఉంది. లైనక్స్‌లో ఎఫ్3 అనే టూల్ ఉంది. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌కి ఇంత టైమ్ పెట్టాలా అంటే, నా షాపులో అయితే మామూలుగా పెట్టను, నా పెన్‌డ్రైవ్ తీసి పని కానిస్తాను. ఇక్కడ పరీక్షించింది ఎందుకంటే ఆయన అదే పెన్‌డ్రైవ్‌లో జనం సర్టిఫికెట్ల స్కాన్‌లు బ్యాకప్ పెట్టుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనకి లెక్కతో చూపించాలి.

చివరి మెట్టు: సెటప్ వచ్చింది, డిస్కు లేదు

నమ్మకమైన 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకున్నాను. ఈసారి ఎన్‌టీఎఫ్‌ఎస్ జోలికి పోలేదు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఇన్‌స్టాల్.విమ్‌ని డిజమ్ కమాండ్‌తో 3800 ఎంబీ ముక్కలుగా చీల్చి, మిగతా ఫైళ్లతో పాటు సోర్సెస్ ఫోల్డర్‌లో పెట్టాను. ముక్కలకి ఇన్‌స్టాల్.ఎస్‌డబ్ల్యూఎం, ఇన్‌స్టాల్2.ఎస్‌డబ్ల్యూఎం అనే పేర్లు వస్తాయి, సెటప్ వాటిని తనే కలుపుకుంటుంది. పని కొంచెం ఎక్కువే. కానీ మధ్యలో ఇంకో బూట్‌లోడర్ ఉండదు, తెగే చోటు ఒకటి తగ్గుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకైతే మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ చాలు, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే నెట్ నుంచి దించి తనే తయారుచేస్తుంది. ఐఎస్ఓ వేరే చోటి నుంచి తెచ్చుకుంటే మాత్రం సర్ట్‌యుటిల్ కమాండ్‌తో షా256 (ఫైలు మారిందో లేదో తేల్చే, వేలిముద్ర లాంటి విలువ) చూసి, మైక్రోసాఫ్ట్ పేజీలోని విలువతో పోల్చుకోవాలి.

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ వచ్చింది, సెటప్ తెరుచుకుంది. డిస్కు ఎంచుకునే చోట జాబితా ఖాళీ. పక్కన నిలబడిన యజమాని ముఖం చూస్తే ఎస్‌ఎస్‌డీ పోయిందనే టెన్షన్. పోలేదు. 11వ తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ డిస్కు నేరుగా కనిపించదు, వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. దాని డ్రైవర్ సెటప్‌లో లేకపోతే డిస్కు ఉన్నా లేనట్టే.

దీనికి రెండు దారులు. బయోస్‌లో వీఎండీ ఆపేయడం సులువు. కొన్ని ఏసర్ మోడళ్లలో ఆ ఎంపిక దాగి ఉంటుంది, మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. డిస్కులో దాచుకోవాల్సింది ఏమీ లేకపోతే ఆ దారి పట్టొచ్చు. ఇక్కడ నేను ఆ దారి పట్టలేదు. డేటా తీయకముందే మెషీన్ స్థితి మళ్లీ మార్చడం నాకు ఇష్టం లేదు. వీఎండీతో ఎక్కిన విండోస్, అది ఆపితే బూట్ డివైస్ అందడం లేదంటూ పడిపోతుంది, బిట్‌లాకర్ మళ్లీ కీ అడగొచ్చు కూడా. కాబట్టి డ్రైవర్ ఇవ్వడమే.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటి ఉంది. ఇంటెల్ డ్రైవర్ సెటప్‌ఆర్‌ఎస్‌టీ.ఈఎక్స్ఈ అనే ఒకే ఫైలుగా వస్తుంది. దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో వేసి లోడ్ డ్రైవర్ నొక్కితే ఏమీ దొరకదు. సెటప్‌కి కావాల్సింది .ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డర్. ఆ ఈఎక్స్ఈని వేరే సిస్టమ్‌లో ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అనే ఆదేశంతో విప్పి, వచ్చిన ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి. తరాన్ని బట్టి డ్రైవర్ వెర్షన్ మారుతుంది కాబట్టి, ల్యాప్‌టాప్ కంపెనీ ఆ మోడల్ పేజీలో ఇచ్చినదాన్నే నేను తీసుకుంటాను. జాబితాలో వీఎండీ కంట్రోలర్ 9ఏ0బీ అని వచ్చింది, 11వ తరం ల్యాప్‌టాప్‌లకి అదే. ఎంచుకోగానే 512 జీబీ డిస్కు ప్రత్యక్షమైంది.

డేటా బయటికి

డిస్కు కనిపించినంత మాత్రాన ఫైళ్లు కనిపించవు, ఎన్‌క్రిప్షన్ ఉంది కదా. ఇప్పుడు ఆ 48 అంకెలు నిజంగా కావాలి. నాకు మైక్రోసాఫ్ట్ అకౌంటే లేదన్నాడు యజమాని. ల్యాప్‌టాప్ కొన్న రోజు ఎవరు మొదట తెరిచారని అడిగితే, హనుమకొండలో డిగ్రీ చదివే పెద్దమ్మాయి గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే ఆమె తన మెయిల్‌తోనే మొదలుపెట్టానని చెప్పింది. ఆమె అకౌంట్‌లోని రికవరీ కీల పేజీలో ఒకటికి మించి కీలున్నాయి. ఏది మనదో తెలిసేది కీ ఐడీతో. డిస్కు చూపించే ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు ఏ కీకి సరిపోతే అదే.

సెటప్ తెర మీద షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డ్రైవ్ అక్షరాలు ఇక్కడ మారిపోతాయి, సీ అనుకున్నది డీ కావచ్చు. ముందు డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ చూసుకుని తర్వాతే మేనేజ్-బీడీఈ అనే బిట్‌లాకర్ కమాండ్‌తో ఆ కీ ఇచ్చి తాళం తీశాను. యూజర్ ఫోల్డర్ మొత్తాన్నీ రోబోకాపీతో ఆయన సొంత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి పంపాను. అందులో ఊరివాళ్ల ఆధార్ కాపీలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఉన్నాయి. అలాంటి డేటాని సర్వీస్ షాపు సిస్టమ్‌లో, తాత్కాలికంగా అయినా, పెట్టుకోకూడదని నా పద్ధతి. కస్టమర్ డిస్కు తేకపోతే తెచ్చేదాకా ఆగుతాను.

ఆ తర్వాత పాత విభాగాలన్నీ తీసేసి కొత్తగా ఎక్కించడం మామూలే. రెండు చోట్ల మాత్రం చెయ్యి పెట్టాల్సి వచ్చింది. మొదటి రీస్టార్ట్ అప్పుడు పెన్‌డ్రైవ్ బూట్ వరసలో ముందున్నందున మళ్లీ సెటప్ మొదటి పేజీ వచ్చింది. బామ్మర్ది బయోస్‌లో చేసిన మార్పుల్లో అదొకటి, విండోస్ బూట్ మేనేజర్‌ని ముందుకి తెచ్చాను. రెండోది, చివర వైఫై డ్రైవర్ లేక నెట్ దగ్గర ఆగింది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ముందుకి సాగింది. లైసెన్స్ మదర్‌బోర్డుకి అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి యాక్టివేషన్ దానంతటదే అయింది. ఈసారి అకౌంట్ యజమాని పేరు మీదే తెరిపించాను. రికవరీ కీ ప్రింట్ తీసి సెంటర్ లైసెన్స్ కాగితాల ఫైల్‌లో పెట్టుకోమన్నాను. కొత్త బ్యాటరీ ఆర్డర్ పెట్టాం.

ఇలాంటివే అనిపించే ఇంకో కేసు

డ్యూయల్ బూట్ (ఒకే సిస్టమ్‌లో విండోస్, లైనక్స్ రెండూ) పెట్టుకున్న ఇంజినీరింగ్ పిల్లల దగ్గర్నుంచి ఇంకో రకం వస్తుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్ నిన్నటిదాకా లేచింది, ఇవాళ షిమ్ (లైనక్స్‌లో మొదట లేచే చిన్న బూట్‌లోడర్) ఎస్‌బీఏటీ (పాత బూట్‌లోడర్లని ఆపే తనిఖీ) పరీక్ష విఫలమైంది, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అంటూ రెండు లైన్లు వచ్చి ఆగిపోతుంది. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత ఇది చాలామందికి ఎదురైంది. లోపాలున్న పాత గ్రబ్ బూట్‌లోడర్లని సెక్యూర్ బూట్ ఒప్పుకోకుండా ఆ అప్‌డేట్ ఫర్మ్‌వేర్‌లో కొత్త గీత గీసింది. అక్కడ మాట్లాడుతున్నది షిమ్, అంటే ఫర్మ్‌వేర్ పెన్‌డ్రైవ్‌ని గుర్తించింది, లేపింది కూడా. పెన్‌డ్రైవ్‌ని వందసార్లు తిరిగి తయారుచేసినా పాత ఐఎస్ఓతో అయితే అదే లైను వస్తుంది. కొత్త ఐఎస్ఓ దించుకుంటే సరిపోతుంది.

నర్సంపేట డెస్క్‌టాప్ సంగతి ఇంకా మిగిలే ఉంది. దాంట్లో విండోస్ 10 నడుస్తోంది, 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మూడో తరం ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు, కొన్ని ఏడో తరం చిప్‌లు తప్పిస్తే జాబితా మొదలయ్యేదే ఎనిమిదో తరంతో. లైనక్స్ వేద్దామంటే ఆయన వేలిముద్ర యంత్రం డ్రైవర్ విండోస్‌కి తప్ప లేదు. ప్రస్తుతానికి దాన్ని ప్రింటింగుకి, స్కానింగుకి పరిమితం చేసి, డబ్బు లావాదేవీలన్నీ ల్యాప్‌టాప్‌లోనే చేయమన్నాను. ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోందని కూడా చెప్పాడు. అది మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ పని, కౌన్సెలింగ్ రద్దీ తగ్గాక పెట్టె తెమ్మన్నాను.